సగం రంగు డబ్బాలోది, సగం తోటలోది

మా తమ్ముడి గురించి రాయాలంటే ముందు నా గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. గొప్పకి కాదు. వేళ్ల సంగతి ఎత్తకుండా పువ్వు సంగతి చెప్పడం నాకు చేతకాదు, అంతే.

నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ పై చదువంతా మట్టిలోనే. పెళ్లయి ఈ పట్నం వచ్చాక ఇంటి వెనకాల ఖాళీ జాగాలో మొక్కల నర్సరీ పెట్టాను. ఇవాళ మా పేటలో ఏ మెట్ల మీద పూలకుండీ కనిపించినా, దాని అమ్మమ్మ మా ఇంట్లో పుట్టిందే. పెద్ద పార్కులో గుండ్రటి పూలమడి వేసింది నేనే. పూల పోటీల్లో నాకొచ్చిన కప్పులు అల్మారాలో పట్టక, ఒకదాంట్లో మా ఆయన గడ్డం గీసుకునే బ్రష్షు పెట్టుకుంటాడు. ఒకసారి తోటల ఆఫీసరుగారు కారు దిగి వచ్చి, ఊదా పక్కనే పసుపు పెట్టినా కంటికి గుచ్చుకోకుండా ఎలా చేశారమ్మా అని అడిగారు. రెండింటి మధ్యా బూడిదాకు మొక్క ఒక వరస పెట్టానండీ, పోట్లాడుకునే ఇద్దరి మధ్య నిద్రపోతున్నవాణ్ణి కూర్చోబెట్టినట్టు, అన్నాను. ఆయన పకపకా నవ్వారు. మర్నాడు వాళ్ల ఆఫీసు ముందు కూడా ఒక వరస పెట్టించారు.

ఇక మా తమ్ముడు. అమ్మ పోయాక నా చేతుల్లోనే పెరిగాడు. నడక సరిగ్గా రాకముందే, కొత్తగా సున్నం వేయించిన గోడ మీద పూరేకులు తెచ్చి రుద్దాడు. ఎర్రపువ్వు రుద్దితే నీలం మరక పడింది. వాడు పువ్వు వంక చూశాడు, గోడ వంక చూశాడు, నోరు తెరుచుకుని అలాగే కూలబడ్డాడు. ఆ నోరు ఇప్పటికీ పూర్తిగా మూసుకోలేదు. వాడు ఇళ్లకి రంగులేసే మేస్త్రి అయ్యాడంటే ఆ గోడ దగ్గర వాణ్ణి తిట్టకుండా వదిలేసిన అక్క చలవే. వాడే ఒప్పుకున్నాడు కాబట్టి రాస్తున్నాను.

పట్నంలో వాణ్ణందరూ ‘ఆగండి మేస్త్రి’ అంటారు. పనికి పిలిస్తే డబ్బా మూత తియ్యడు. కుర్చీ ఒకటి అడిగి, ఖాళీ గదిలో పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చుంటాడు. ఇంటివాళ్లు తొంగిచూసి, ఏం మేస్త్రీ, మొదలెట్టరా అంటే, ఆగండి, ఇంకా సాయంత్రం రాలేదు అంటాడు. మేం గోడకి రంగు వెయ్యమండీ, గోడ మీదికొచ్చే వెలుగుకి వేస్తాం, అన్నది వాడి వాదం. బ్యాంకు మేనేజరుగారి భార్య పడకగదికి గులాబీ రంగు కావాలని పట్టుబడితే, ఒక చెక్కకి ఆ రంగు పూసి రోజంతా గదిలో మూల మూలకీ తిప్పి చూపించాడు. పొద్దున గులాబీ, మధ్యాహ్నం మామిడి చిగురు, దీపం వెలిగించాక ఉల్లిపాయ. నేను ఉల్లిపాయలో పడుకోలేను బాబూ అని ఆవిడ కడుపు పట్టుకుని నవ్వి, వాడు చెప్పిన రంగే వేయించుకుంది.

మిగిలిపోయిన రంగులతో డబ్బా మూతల మీద చిన్న చిన్న బొమ్మలు వేస్తాడు. ఒక మూత మీద నీళ్లగ్లాసు, ఇంకో మూత మీద తడి గొడుగు. ఒకరోజు టీ తాగుతూ, రంగులతో తన అనుభవమంతా వాడు ఒక్క గుక్కలో చెప్పాడు. "అక్కా, బొమ్మలో రంగు నా మాట వింటుంది. తోటలో రంగు నీ మాట వింటుంది గాని, వాన మాట ఇంకా ఎక్కువ వింటుంది. ఇంట్లో రంగు మాత్రం కిటికీ మాట తప్ప ఎవరి మాటా వినదు." ఇంతటి మాట అన్నవాడు టీలో బ్రష్షు ముంచేశాడు. చూసుకోకుండా తాగేశాడు కూడా.

ఇలా వెలుగుల్ని చూస్తూ చూస్తూ పెళ్లి సంగతి మర్చిపోయాడు. జుట్టు నెరిసింది. అడిగితే ఆగక్కా అనేవాడు. మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, మాటకి టిక్కెట్టు కొట్టకుండా వదలడు. "బామ్మర్దీ, గదికి ఒక్కరోజు చూస్తావు, బాగానే ఉంది. పెళ్లికి బస్సు డిపోకి వెళ్లిపోయేదాకా చూస్తావేంట్రా" అనేవాడు.

అలాంటివాణ్ణి టైలరమ్మ ఒక్క మాటతో పడగొట్టింది.

బజారు మలుపులో, నాలుగు మెట్లెక్కితే ఆవిడ దుకాణం. కింద మిషను, పైన ఆవిడ గది. వయసు మావాడికి అటూ ఇటూగా ఉంటుంది. ఒంటరి మనిషి. చుట్టూ గోడలనిండా దారపు ఉండలు, ఇంద్రధనస్సుని ఎవరో విప్పి చుట్టిపెట్టినట్టు. ఆవిడ మాత్రం ఎప్పుడూ బూడిదరంగు బట్టలే. నా దగ్గరికొచ్చినవాళ్లు నా బట్టలు చూడకూడదు, నా కుట్టు చూడాలి అంటుంది. ఇంకో నియమం కూడా ఉంది ఆవిడకి. ఎవర్నీ వరస పెట్టి పిలవదు. అక్కా, బాబాయ్ అని వరస కలిపామా, ఊరికే విప్పి మళ్లీ కుట్టమంటారు అని ఆవిడ భయం. అందుకని అందర్నీ వాళ్ల పని పేరుతోనే పిలుస్తుంది. నేను నర్సరీగారు, మా ఆయన కండక్టరుగారు.

మా తమ్ముడు ఎవరింటికో కర్టెన్లు కుట్టించడానికి వెళ్లి, గోడ రంగు పూసిన చెక్కముక్క ఆవిడ ముందు పెట్టి, ఈ నీలానికి సరిపోయే దారం కావాలన్నాడట. ఆవిడ కళ్లజోడు పైకి తోసి చూసింది. ఇది నీలం కాదు మేస్త్రిగారూ, నీలం అవుదామనుకుని ధైర్యం చాలక ఆగిపోయిన బూడిద, అంది. వాడు అన్నం కూడా తినకుండా వెళ్లి ఆ డబ్బా అంతా మళ్లీ కలిపాడు. ఇంటికొచ్చి, ఆవిడ చెప్పింది నిజం అక్కా, అన్నాడు. ఆ పైన వాడు రంగేసిన ప్రతి ఇంటికీ కర్టెన్లు అవసరమయ్యాయి. ఒకరి ఇంట్లో కిటికీ లేని సామాను గదికి కూడా కర్టెన్ పెట్టించాడు. అప్పుడు నాకు అర్థమైంది.

వాడు నోరు తెరిచి అడగడని తెలుసు. నోరు తెరుచుకుని ఉండటం వేరు, అడగటం వేరు. నేనే వెళ్లాను. నా చేత్తో నాటిన ఏ కొమ్మైనా చిగురేసింది గాని, సంబంధం నాటడం అదే మొదలు. గొంతు సవరించుకుని చెప్పాను. టైలరమ్మ మిషను ఆపకుండా మొత్తం విన్నది. చివర్లో కాలు తీసి, చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"నర్సరీగారూ, నేను పొద్దస్తమానం రంగుల మధ్య కూర్చుంటాను. రాత్రికి నా కళ్లు కాళ్లకన్నా ఎక్కువ నొప్పెడతాయి. నాకు అరిచే గోడ వద్దు. అలాగని చచ్చిన గోడా వద్దు, ఇప్పుడున్న గదిలో ఆ గోడే ఉంది. బతికుండి, మాట్లాడకుండా కూర్చునే గోడ ఒకటి మీ తమ్ముణ్ణి చేసి చూపించమనండి. చూసి చెప్తాను."

నేను ఇంటికి పరుగెత్తుకొచ్చాను. నా వయసులో పరుగెత్తేవాళ్లు మా పేటలో ఇంకెవరూ లేరు, అది కూడా రాసుకోవచ్చు.

తమ్ముడు ఉండేది మా ఇంటి వెనక గదిలో. దాని కిటికీ నా తోటలోకే తెరుచుకుంటుంది. సామానంతా తీసేసి, మధ్యలో కుర్చీ వేసుకుని వాడు కూర్చున్నాడు. ఎప్పుడూ ఒక్కరోజు కూర్చునేవాడు, ఈసారి లేవడే. మా ఆయన టీ గ్లాసు గుమ్మంలో పెట్టి, తరవాతి స్టాపు ఎప్పుడు బామ్మర్దీ అని అడిగి వెళ్లిపోయేవాడు. చివరికి లేచి తోటలోకొచ్చాడు. "అక్కా, ఈ కిటికీ కింద మడంతా నాకు నారింజరంగు బంతి కావాలి. ఒక్క పసుపు పువ్వు కూడా కలవకూడదు."

ఎందుకని అడిగితే చెప్పాడు. ఆ గోడ మీద తను వేసేది చల్లటి, లేత బూడిదాకు రంగు. ఉత్తగా చూస్తే ఏమీ ఉండదు. బంతిమడి మీద ఎండ పడి, ఆ రంగు కిటికీలోంచి పైకి లేచి గోడమీద వాలితే అప్పుడు అది పండుతుంది. నేరుగా నారింజే వేసుకోవచ్చు కదరా అన్నాను. వేస్తే అది అక్కడే అతుక్కుపోయి ఉంటుంది, గాలికి పూలు ఊగితే గోడ కూడా ఊపిరి తీసుకోవాలి, అన్నాడు. సగం రంగు డబ్బాలోది, సగం తోటలోది. ఎవరికీ చెప్పకు, ఆవిడ చూసి తెలుసుకోవాలి అన్నాడు. నేనూ నోరు కట్టేసుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆయనకి పూలంటే తుమ్ములు, పెళ్లయిన దగ్గర్నుంచి నా తోటలో అడుగు పెట్టిన మనిషి కాదు. చెప్పాల్సిన అవసరం ఏముందనుకున్నాను.

నేను బంతి పెట్టాను. అలాంటి బంతి ఇంకెక్కడా పుయ్యలేదు, పోటీకి పంపి ఉంటే ఇంకో కప్పు ఖాయం. మడి మడంతా నిప్పుకణికల్లా విచ్చుకున్న రోజు తమ్ముడు నన్ను గదిలోకి పిలిచాడు. నేను గుమ్మంలో ఆగిపోయాను. గోడలు వేడిపాలలో కుంకుమపువ్వు వేసినట్టున్నాయి. బయట గాలి వీచింది. గోడ మీద ఆ రంగు మెల్లగా కదిలింది, నిద్రలో పసిపిల్ల డొక్క కదిలినట్టు. ఒక గోడకి చిన్న డబ్బా మూత బొమ్మ తగిలించాడు. బొమ్మలో ఒకే ఒక్క దారపు ఉండ. గది మొత్తంలో నీలం అన్నది ఆ ఉండ ఒక్కటే. ధైర్యం చేసిన నీలం.

రేపే తీసుకొచ్చేస్తానని చెప్పాను.

మర్నాడు నేను టైలరమ్మని పిలుచుకురావడానికి బయల్దేరాను. తమ్ముడు క్షవరానికి మంగలి దుకాణానికి వెళ్లాడు. చలి పొద్దు, అయినా ఎండ కాస్తోంది. టైలరమ్మ మెడ దాకా గుండీలు పెట్టిన పొడుగాటి బూడిదరంగు కోటులో దిగింది. దారంతా నేను నా పార్కు మడి గురించి, ఆఫీసరుగారి గురించి చెప్తూ వచ్చాను. ఆవిడ ఊ కొడుతూ వచ్చింది. మధ్యలో ఒకసారి, మీ తమ్ముడు మాటలు మీకే ఇచ్చేశాడన్నమాట, అంది. పొగడ్తే అనుకుంటున్నాను.

మా వీధి మలుపు తిరిగాం. దూరాన్నించే మా గేటు కనపడింది. గేటు నిండా నారింజరంగు. పైన దండ, పక్కన దండ, తాళం గొళ్లేనికి కూడా ఒక గుత్తి.

అవి నా బంతిపూలు. నా తోట తప్ప ఈ రంగు ఇంకెక్కడా లేదు.

గేటు ముందు మా ఆయన కత్తెర పట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కళ్లూ ముక్కూ ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. తుమ్మాడు. "రండమ్మా" అని ఇంకోసారి తుమ్మాడు. ఇంటికి మనిషొస్తోంటే పూలన్నీ వెనకాల ఎవరికీ కనపడకుండా ఉన్నాయని, అన్నీ కోసి ముందుకి తెచ్చాననీ, చిన్నవి కూడా వదల్లేదనీ చెప్పాడు. ఇన్నేళ్ల కాపురంలో అడక్కుండా ఆయన చేసిన మొదటి పని అది. తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ చేశాడు పాపం. పరాయి మనిషి ఎదురుగా నేనేం అంటాను. పళ్లు బయటపెట్టి నవ్వాను. ఆ నవ్వు నా జీవితం మొత్తంలో నేను పెంచిన అతి కష్టమైన మొక్క.

వెనక గదిలోకి తమ్ముడు అప్పటికే వచ్చేశాడు. నున్నటి గడ్డంతో గది మధ్యలో నిలబడి, కిటికీ వంక చూస్తున్నాడు. బయట మడిలో మొండి ఆకులు. లోపల గోడలు జ్వరం తగ్గిన మనిషి ముఖంలా పాలిపోయి ఉన్నాయి. వాడు నా వంక చూశాడు. నేను మా ఆయన వంక చూశాను. మా ఆయన చేతిలో కత్తెర వెనక్కి దాచుకున్నాడు. ఏం జరిగిందో తెలీదు గాని, ఏదో జరిగిందని తెలిసిపోయింది ఆయనకి.

టైలరమ్మ గది చుట్టూ తిరిగింది. చేత్తో గోడని తాకి చూసింది, బట్ట నాణ్యం చూసినట్టు. బొమ్మ దగ్గర ఆగి, ఈ నీలం బాగుంది, అంది. గోడల గురించి ఏమీ అనలేదు.

"ఇది నేను వేసిన గోడ కాదండీ" అన్నాడు తమ్ముడు.

"మరెవరు వేశారు?"

"నేనే."

మా ఆయన అందుకున్నాడు. "ఇలాగే మాట్లాడతాడమ్మా. వినగా వినగా అలవాటైపోతుంది."

బావ చేసిన పని అని ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. వాడు చెప్పలేదు. బావ ముక్కు ఎర్రగా ఉండటం చూశాడు, అందుకని చెప్పలేదు. తల దించుకుని, మడి మళ్లీ పూసేదాకా ఆగాలి, అన్నాడు. జీవితమంతా ఆగండి ఆగండి అన్నవాడు ఆ మాట అంత నీరసంగా అనడం నేనెప్పుడూ వినలేదు.

పూలకీ గోడకీ ఏమిటి సంబంధం అని టైలరమ్మ అడిగింది. ఇక నేను ఆగలేకపోయాను. డబ్బాలో సగం, తోటలో సగం, ఊపిరి తీసుకునే గోడ, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. మా ఆయన వింటూ వింటూ మెల్లగా తలుపు చాటుకి జరిగాడు. టైలరమ్మ అంతా విని, అయితే ఆ మడి ఒకసారి చూడాలి అని కిటికీ వైపు నడిచింది. ఉక్కగా ఉందంటూ కోటు గుండీలు విప్పి, తీసి కుర్చీ మీద వేసింది.

లోపల బూడిదరంగు లేదు.

మెడ నుంచి చీలమండల దాకా నిప్పురంగు. సూర్యుడు కొండెక్కే ముందు నాలిక చాపినట్టు. కొత్త బట్ట, అంచులు సన్నగా మడిచి, చేత్తో కుట్టిన కుట్టు. ఆవిడ ఏమీ ఎరగనట్టు వెళ్లి కిటికీ అరుగు మీద ఎండలో కూర్చుని, బయటికి వంగి నా మోడు మడిని పరీక్షగా చూడసాగింది.

గోడ పండింది.

ముందు కిటికీ పక్కన, తరవాత మూలకి, ఆ పైన మెల్లగా పైకప్పు దాకా. వేడిపాలు, కుంకుమపువ్వు. ఆవిడ చెయ్యి కదిపితే అది కదిలింది. ఊపిరి పీలిస్తే అదీ పీల్చింది. నిన్న నేను చూసిన రంగుకన్నా ఒక వీసమెత్తు ఎక్కువే.

తమ్ముడి నోరు చిన్నప్పటిలాగే తెరుచుకుపోయింది.

"కదలకండి" అన్నాడు. "దయచేసి అక్కడే ఉండండి."

టైలరమ్మ వెనక్కి తిరిగి గోడ చూసింది. తన చెయ్యి చూసుకుంది. మళ్లీ గోడ చూసింది. చెయ్యి పైకెత్తి కిందికి దించింది, ఇంకోసారి ఎత్తింది, చిన్నపిల్ల అద్దం ఎదురుగా ఆడినట్టు. ఆవిడ నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. పళ్లు భలే వరసగా ఉన్నాయి, కుట్టులాగే.

"ఎంతసేపు ఉండాలి?"

"పూలు మళ్లీ పూసేదాకా."

"పూశాక?"

మావాడు గోడ వంక చూస్తున్నాడు, ఈ లోకంలో లేడు. నాకు మాత్రం బుర్రలో ఏదో గిర్రున తిరిగింది. ఆ బట్ట కొనాలి, కొలవాలి, కత్తిరించాలి, ఆ అంచంతా చేత్తో కుట్టాలి. గది చూశాక చేసిన పని కాదది. గది చూడకముందే, ఈ మనిషి బూడిదరంగు వదిలేసి, పైన కోటు కప్పుకుని, నా పార్కు గొప్పలన్నీ ఊ కొట్టుకుంటూ వచ్చింది.

నేను అడుగుదామని నోరు తెరిచేలోపు ఆవిడే తలుపు వైపు తిరిగింది.

"అన్నయ్యా" అని పిలిచింది. "ఆ కత్తెర ఇటివ్వండి. వచ్చేసారి మడి పూసినప్పుడు మీ చేతిలో కత్తెర కనపడిందా, మీ చొక్కా చేతులు రెండూ మూసి కుట్టేస్తాను."

తలుపు చాటునుంచి పెద్ద తుమ్ము వినపడింది. తరవాత మా ఆయన తల బయటికొచ్చింది.

"నన్నేమంది?" అని నన్నడిగాడు.

అన్నయ్యా అంది, అన్నాను. ఊళ్లో ఎవర్నీ వరస పెట్టి పిలవని మనిషి ఆయన్ని అన్నయ్యా అంది. ఆయన కత్తెర రెండు చేతులా పట్టుకెళ్లి ఇచ్చాడు, నా కప్పు నాకు ఆఫీసరుగారు అందించినంత మర్యాదగా. ఇచ్చి, బామ్మర్దీ, స్టాపు వచ్చింది, దిగరా, అన్నాడు. తమ్ముడు అప్పటికి గోడ వదిలి ఆవిడ వంక చూశాడు. ఏమన్నారు అన్నాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పలేనంతగా నవ్వుతున్నాం. ఆవిడే మళ్లీ చెప్పింది, ఈసారి నన్ను చూసి. "వదినా, మీ తమ్ముడికి కుర్చీ వెయ్యండి. నిలబడి వినే సంగతి కాదు."

వాడు కూర్చున్నాడు. ఆవిడ కోటు మీద.

బంతిని గిల్లితే మరిన్ని కొమ్మలేస్తుందని నాకు తెలుసు, అది నా వృత్తి. మా ఆయన గిల్లిన గిల్లుడికి ఆ మడి రెట్టింపు విరగబూసింది. వాళ్ల పెళ్లి నాటికి గదిలో గోడలు బయటి బంతిపూలతో సగం, లోపలి మనిషితో సగం పండి ఉన్నాయి. నీలం దారపు ఉండ బొమ్మ అక్కడే ఉంది. టైలరమ్మ ఇప్పుడు దుకాణానికి బూడిదరంగే వేసుకెళ్తుంది, ఇంటికి రాగానే మార్చుకుంటుంది. మావాడు కొత్త ఇళ్లలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మానలేదు గాని, సాయంత్రం రాకముందే లేచి ఇంటికొచ్చేస్తున్నాడు. మిగతాది రేపు చూస్తానండీ అంటున్నాడట.

మా ఆయన మాత్రం ఆ పెళ్లి కుదిర్చింది తన కత్తెరేనని వీధంతా చెప్పుకు తిరుగుతున్నాడు. నేను కాదనను. నా కప్పుల్లో ఒకటి ముందే ఆయనకిచ్చాను కదా, బ్రష్షు పెట్టుకోవడానికి.